పాత పార్కూర్ గేమ్ మళ్లీ ఆడాలనుందా? మిర్రర్స్ ఎడ్జ్, క్యాటలిస్ట్, టైటన్‌ఫాల్ 2, డయింగ్ లైట్‌లలో ఏది ఎవరికి

మేడ మీంచి మేడ మీదికి దూకుతూ ఆగకుండా పరుగెత్తాలనిపించినప్పుడు చాలామందికి మొదట గుర్తొచ్చే పేరు మిర్రర్స్ ఎడ్జ్. 2008లో వచ్చిన ఆ గేమ్‌ను ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలా, 2016లో అదే పేరుతో వచ్చిన క్యాటలిస్ట్ వైపు వెళ్లాలా, లేక పార్కూర్‌ను (అడ్డంకుల మీంచి దూకుతూ ఆగకుండా సాగే పరుగును) వేరే దారిలో నడిపిన టైటన్‌ఫాల్ 2నో డయింగ్ లైట్‌నో పట్టుకోవాలా అన్న చోట చాలామంది ఆగిపోతారు. నాలుగూ మొదటి వ్యక్తి కోణంలోనే నడుస్తాయి, నాలుగింటిలోనూ గోడలెక్కడం, దూకడం ఉంటాయి. పైకి ఒకేలా కనిపించినా చేతికి తగిలే తీరు మాత్రం దేనిది దానిదే.

వీటిని విడదీసి చూపే ప్రశ్న ఒకటుంది. మీరు తప్పు చేసినప్పుడు మీ ఊపును గేమ్ ఏం చేస్తుంది? 2008 నాటి మిర్రర్స్ ఎడ్జ్ దాన్ని పూర్తిగా లాగేసుకుంటుంది. క్యాటలిస్ట్ కొంత తీసుకుని వెంటనే తిరిగిస్తుంది. టైటన్‌ఫాల్ 2లో తప్పు కనబడేలోపే తర్వాతి గోడ అందుతుంది. డయింగ్ లైట్‌లో ఊపు పోయిందంటే వెనకాల జాంబీ ఉందన్నమాట. మీకు ఏ శిక్ష నచ్చుతుందో తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

## ముందు చూసుకోవలసినవి

వేగం ఎవరి చేతిలో ఉంది. బటన్ నొక్కి పట్టుకుంటే పాత్ర తనంతట తాను ఎక్కేసే గేమ్ వేరు. ప్రతి దూకుడుకూ, ప్రతి దిగుడుకూ సరైన క్షణం మీరే పట్టుకోవాల్సిన గేమ్ వేరు. రెండో రకం మొదట్లో విసిగిస్తుంది, కానీ ఏళ్ల తర్వాత మళ్లీ ఆడినప్పుడు కొత్తగా అనిపించేది అదే.

కదలికలన్నీ ఎప్పుడు చేతికొస్తాయి. కొన్ని గేమ్‌లు మొదటి పది నిమిషాల్లోనే అన్నీ ఇచ్చేస్తాయి. కొన్ని స్కిల్ ట్రీలో, అంటే పాయింట్లు కూడబెట్టి ఒక్కొక్కటిగా తెరుచుకోవాల్సిన నైపుణ్యాల పట్టికలో దాచిపెడతాయి. వారాంతంలో మూడు నాలుగు గంటలే దొరికేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

పోట్లాట ఎంత తప్పనిసరి. పరుగు కోసం వచ్చినవాళ్లను నిలబెట్టి కొట్టించే ఘట్టాలు ఎన్ని ఉన్నాయన్నదే ఇక్కడ లెక్క.

ఇప్పటి యంత్రం మీద నడుస్తుందా. సర్వర్లు మూతపడ్డాయా, ఫ్రేమ్ రేటు కుంగుతుందా, ఏ కన్సోల్‌లో దొరుకుతుంది అన్నవి.

తల తిరగడం. మొదటి వ్యక్తి కోణంలో దొర్లడం, గోడమీంచి గిర్రున తిరగడం అందరికీ పడదు. దీన్ని చివర్లో ఆలోచించే విషయంగా తీసుకోకండి. రెండో గంటలో గేమ్ మూసేయడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

| | మిర్రర్స్ ఎడ్జ్ | క్యాటలిస్ట్ | టైటన్‌ఫాల్ 2 | డయింగ్ లైట్ |
|---|---|---|---|---|
| విడుదల | 2008 (పీసీలో 2009) | 2016 | 2016 | 2015 |
| తయారీ | డైస్ | డైస్ | రెస్పాన్ | టెక్‌ల్యాండ్ |
| నిర్మాణం | వరుస అధ్యాయాలు | ఓపెన్ వరల్డ్ | వరుస మిషన్లు | ఓపెన్ వరల్డ్ |
| కథ నిడివి | 6–8 గంటలు | 10 గంటల పైన | 6 గంటల దరిదాపు | 15 గంటల పైన |
| కదలికలు | మొదటినుంచీ అన్నీ | కొన్ని తాళంలో | మొదటినుంచీ అన్నీ | చాలావరకు తాళంలో |
| తప్పుకు శిక్ష | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | మొదట్లో ఎక్కువ |
| మీ చేతికి తుపాకులు | ఉన్నా వాడక్కర్లేదు | లేవు | తప్పవు | ఉన్నాయి, ప్రధానం కాదు |

## మిర్రర్స్ ఎడ్జ్: మన్నించని పరుగు

స్వీడన్‌లోని డైస్ స్టూడియో దీన్ని అన్‌రియల్ ఇంజిన్ 3 మీద కట్టింది. తెల్లటి మేడలు, నీలాకాశం, మధ్యలో ఎర్రటి తలుపు లేదా ఎర్రటి పైపు. ఆ ఎరుపే దారి చూపుతుంది, దాని పేరు రన్నర్ విజన్. వెలుగునీడలను ముందే లెక్కకట్టి గోడలమీద పరిచారు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా బొమ్మ పాతబడలేదు. పాతబడినవి పాత్రల మధ్య వచ్చే కార్టూన్ ఘట్టాలు, కొన్ని పోరాటాలు. పరుగు పాతబడలేదు.

నియంత్రణలు చాలా తక్కువ. పైకి చేసే పనులన్నీ ఒక బటన్ (పీసీలో స్పేస్ బార్), కిందికి చేసేవన్నీ ఒక బటన్ (షిఫ్ట్), వెనక్కి తిరగడం ఒక బటన్ (క్యూ). ఈ మూడింటి కలయికే మొత్తం గేమ్. కష్టమంతా ఎప్పుడు నొక్కాలన్నదే.

మీరు నడిపే పాత్ర ఫెయిత్ ఉన్నపళంగా పూర్తి వేగం అందుకోదు. అడ్డం లేకుండా కొన్ని క్షణాలు తిన్నగా పరుగెత్తితేనే ఊపు పెరుగుతుంది. తల ఊగడం, శ్వాస చప్పుడు ఎక్కువవడం ద్వారా అది మీకు తెలుస్తుంది. మలుపు మొండిగా తిప్పినా, రైలింగ్‌కు తగిలినా మళ్లీ మొదటికే. మళ్లీ ఆడేవాళ్లు మరిచిపోయి తంటాలు పడే చోట్లు ఇవి:

- దొర్లి దిగడం. ఎత్తునుంచి పడేటప్పుడు నేల తాకడానికి సరిగ్గా ముందు షిఫ్ట్. ముందే నొక్కితే గాల్లో కాళ్లు ముడుచుకుంటుంది, దొర్లదు. ఆలస్యమైతే ధబ్బున దిగి నిలబడిపోతుంది. మొదటి రోజు తప్పులు ఎక్కువగా తొందరపాటువే. నేల పెద్దదవుతున్నట్టు కనబడ్డాక నొక్కండి.
- కాళ్లు ముడవడం. ముళ్లకంచె దాటేటప్పుడు దూకి, గాల్లో షిఫ్ట్. ఇది లేకుండా చాలా కంచెలు కాలికి తగిలి ఊపు తీసేస్తాయి.
- అడ్డం మీంచి దాటడం. నడుమెత్తు అడ్డం దగ్గర స్పేస్ నొక్కే దూరమే అసలు సంగతి. కొంచెం ముందే నొక్కితే చేయి ఆనించి ఒక్క ఊపులో దాటుతుంది. మరీ దగ్గరికొచ్చి నొక్కితే పాకి ఎక్కుతుంది. ఈ రెండింటి మధ్య తేడా టైమ్ ట్రయల్‌లో (గడియారంతో పోటీపడే పరుగులో) నక్షత్రం పోవడానికి చాలు.
- గోడ, తిరుగుడు, దూకుడు. ఎదురుగా ఉన్న గోడకు పరుగెత్తి స్పేస్, పైకి పాకుతుండగా క్యూ, ఆ తర్వాత స్పేస్. క్యూకీ రెండో స్పేస్‌కీ మధ్య తొందర అక్కర్లేదు. తిరుగుడు పూర్తయ్యాక కాసేపు గోడకు అంటుకునే ఉంటుంది. తిరగకముందే స్పేస్ నొక్కేయడమే ఎక్కువమంది చేసే తప్పు.
- గోడ వెంట పరుగు. గోడకు తిన్నగా కాదు, ఏటవాలుగా వెళ్లాలి. తిన్నగా వెళితే పైకి పాకుతుంది తప్ప పక్కకు పరుగెత్తదు.

పోట్లాట విషయంలో మనసులో పెట్టుకోవలసింది ఒకటే: ఫెయిత్ సైనికురాలు కాదు. ఇద్దరు పోలీసుల మధ్య నిలబడితే క్షణాల్లో కథ ముగుస్తుంది. ఒంటరిగా దొరికినవాడి ఆయుధం ఎర్రబడిన క్షణంలో డిజార్మ్ బటన్ (పీసీలో మౌస్ కుడి బటన్) నొక్కితే తుపాకీ మీ చేతికొస్తుంది. ఆ క్షణం దొరకకపోతే ఆర్ కీతో సమయాన్ని నెమ్మదింపజేయండి. ఆ శక్తి పరుగెత్తితేనే నిండుతుంది కాబట్టి ప్రతి ఒక్కరిమీదా ఖర్చుపెట్టకండి. చేతిలో బరువైన తుపాకీ ఉంటే చాలా కదలికలు పనిచేయవు. డిజార్మ్ బటన్ మళ్లీ నొక్కి పడేసి సాగిపోండి. శత్రువులెవ్వరినీ కాల్చకుండా కథంతా పూర్తిచేస్తే వచ్చే ప్రత్యేక అచీవ్‌మెంట్ ఉంది. రెండోసారి ఆడేవాళ్లకు అదే సరైన లక్ష్యం. తుపాకీ లేదనుకోగానే గేమ్ మీద దృష్టి మారిపోతుంది, ప్రతి గది చదరంగం బల్లలా కాక పారిపోయే దారిలా కనబడుతుంది.

కథలో పరిచయ ఘట్టం తర్వాత తొమ్మిది అధ్యాయాలు. అన్నీ ఒకే స్థాయిలో లేవు. రెండో అధ్యాయంలో వాననీటి కాలువల్లోని పెద్ద హాలు పైకి ఎక్కడం ఈ గేమ్‌కే తలమానికం. ఎక్కడెక్కాలో తెలియక ఆగిపోతే ఎడమ ఆల్ట్ కీ నొక్కండి, చూపు గమ్యం వైపు తిరుగుతుంది. నాలుగో అధ్యాయంలో రోప్‌బర్న్ అనే శత్రువుతో తలపడేచోట గుద్దులతో గెలవాలని చూసేవాళ్లు పదేపదే ఓడతారు. అక్కడ కూడా ఎరుపు కనిపించినప్పుడు డిజార్మ్ చేయడమే దారి. ఆ అధ్యాయం చివర్లో భూగర్భ రైలు సొరంగాలు ఊపిరి బిగపట్టిస్తాయి. ఆరో అధ్యాయం చివర్లో మీలాగే పరుగెత్తగల పోలీసులు వెంటపడతారు. వెనక్కి తిరిగి పోట్లాడకండి. తొమ్మిదో అధ్యాయం కాల్పులతో ఇరుకుగా ఉంటుంది. అక్కడ గేమ్ తన బలాన్ని తానే మరిచిపోయినట్టుంటుందని ఒప్పుకోవాలి.

అసలు ఆయువు కథలో లేదు, టైమ్ ట్రయల్స్‌లో, స్పీడ్ రన్‌లో ఉంది. ఒక్కో ట్రయల్‌లో మూడు నక్షత్రాల దాకా సంపాదించవచ్చు. ఆన్‌లైన్ సేవలు 2023 జనవరిలో ఆగిపోయాయి కాబట్టి ప్రపంచ పట్టికలో మీ పేరు కనబడదు. నక్షత్రాల కాలపరిమితులు మాత్రం గేమ్‌లోనే ఉన్నాయి. ఒక నిమిషంన్నర దారిలో రెండు సెకన్లు తగ్గించడానికి గంట పెట్టడం మీకు ఇష్టమైతే మిగతా మూడు గేమ్‌ల గురించి ఆలోచించనక్కర్లేదు. దాచిన సంచులు మొత్తం ముప్పై. వాటిని మొదటిసారి ఆడేటప్పుడే వెతకడం మొదలుపెడితే పరుగు తెగిపోతుంది, తర్వాతికి వదిలేయండి.

### పీసీలో ముందు సరిచేయాల్సినవి

ఫిజ్ఎక్స్ (వస్తువులు పగలడం, ఊగడం లెక్కకట్టే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్). గాజు అద్దం పగలగానే ఫ్రేమ్ రేటు ఒక్కసారిగా కూలిపోతే మీ కంప్యూటర్ పాతదని కాదు. గాజు ముక్కలు, గుడ్డ రెపరెపల లెక్కను ఎన్‌విడియా కార్డు చేయాలని ఈ గేమ్ ఉద్దేశం. అలాంటి కార్డు లేకపోతే ఆ పని ప్రాసెసర్ మీద, అదీ దాదాపు ఒకే కోర్ మీద పడుతుంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డులు విడుదలైనప్పుడు 32-బిట్ ఫిజ్ఎక్స్‌ను వదిలేశాయి, 2025 డిసెంబరు డ్రైవర్‌తో ఈ గేమ్‌కు ఆ మద్దతు తిరిగొచ్చింది, కాబట్టి డ్రైవర్ పాతదైతే సరికొత్త కార్డున్నా ఈ ఇబ్బంది ఎదురుకావచ్చు. అన్నిటికన్నా సులువైన పని వీడియో సెట్టింగ్స్‌లో ఫిజ్ఎక్స్ ఆపేయడం. ఎగిరే గుడ్డలు, వివరంగా పగిలే గాజు పోతాయి, పరుగుకు ఏ లోటూ రాదు. ఆపినా కుంగుతుంటే గేమ్ ఫోల్డర్‌లోని బైనరీస్‌లో ఫిజ్ఎక్స్‌కోర్, ఫిజ్ఎక్స్‌డివైస్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్ల పేర్లు మార్చండి. తుడిచేయకండి, పేరు మారిస్తే చాలు, వెనక్కి తెచ్చుకోవచ్చు. అప్పుడు గేమ్ తనతో వచ్చిన పాత ఫైళ్లను వదిలి, సిస్టమ్‌లో ఉన్న ఫిజ్ఎక్స్‌ను వాడుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లో లేకపోతే ముందు దాన్ని ఎక్కించాలి.

ఫ్రేమ్ రేటు. గేమ్ తనంతట తాను 62 ఫ్రేముల దగ్గర ఆగుతుంది. డాక్యుమెంట్స్‌లోని గేమ్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉన్న ఇంజిన్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఈ హద్దు మార్చవచ్చు. మార్చేముందు ఫైల్‌కు నకలు తీసుకోండి. టైమ్ ట్రయల్స్ మీద గురి ఉన్నవాళ్లు మాత్రం దాన్ని కదపకుండా ఉండటమే మేలు. కదలికల లెక్క ఆ హద్దు దగ్గరే నమ్మకంగా ఉంటుంది.

ఏ కాపీ. పాత డిస్క్ మీద ఉన్న కాపీ రక్షణ కొత్త విండోస్‌లో మొరాయించవచ్చు. స్టీమ్, గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ దుకాణాల్లో దొరికే డిజిటల్ కాపీ తలనొప్పి లేనిది. కన్సోల్ మీద అయితే ఎక్స్‌బాక్స్ 360 కాపీ ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ యంత్రాల మీద నడుస్తుంది. పీఎస్3 డిస్క్‌ను పీఎస్4, పీఎస్5 చదవవు. ఆ డిస్క్ మాత్రమే ఉన్నవాళ్లు పాత యంత్రాన్ని బయటికి తీయాల్సిందే.

## క్యాటలిస్ట్: విశాలమైన ఊరు, మెత్తని పరుగు

ఇది కొనసాగింపు కాదు, ఫెయిత్ కథను మళ్లీ మొదటినుంచి చెప్పే ప్రయత్నం. ఇంజిన్ ఫ్రాస్ట్‌బైట్. అధ్యాయాల బదులు గ్లాస్ అనే ఒక నగరం మొత్తం తెరిచి ఉంటుంది. కదలికలు మునుపటికన్నా సాఫీగా ఉంటాయి. వేగం పెంచే ప్రత్యేక బటన్ ఒకటి చేరింది, దాన్ని సమయానికి నొక్కితే ఆగిపోయిన చోటునుంచి కూడా వెంటనే ఊపు దొరుకుతుంది. మొదటి గేమ్‌లో కఠినంగా అనిపించినవాళ్లకు ఇది ఊరట. ఆ కాఠిన్యమే కావాలనుకున్నవాళ్లకు మాత్రం ఏదో పలచబడినట్టుంటుంది.

మొదటి గేమ్ తెలిసినవాళ్లు ముందే సిద్ధపడాల్సింది స్కిల్ ట్రీ గురించి. దొర్లి దిగడం, గాల్లో కాళ్లు ముడవడం, చటుక్కున వెనక్కి తిరగడం వంటి పాత కదలికలు ఇక్కడ అనుభవ పాయింట్లతో తెరుచుకోవాలి. వేళ్లకు అలవాటున్న పని తెరమీద జరగకపోవడం మొదటి గంటలో చిరాకు తెప్పిస్తుంది. కాబట్టి వచ్చిన మొదటి పాయింట్లన్నీ కదలికల కొమ్మకే పెట్టండి, పోరాటం కొమ్మను తర్వాత చూసుకోవచ్చు. ఆ పాత కదలికలు చేతికొచ్చేదాకా పక్క పనులమీదికి వెళ్లకండి. మ్యాగ్ రోప్ అనే తాడు పరికరం కథలో ముందుకు వెళితేనే వస్తుంది. అది లేకుండా అందని చోట్లు నగరంలో చాలా ఉన్నాయి, అందని మేడకోసం అరగంట వెతికి అలసిపోకండి.

ఫెయిత్ చేతికి తుపాకులు అందకుండా పూర్తిగా తీసేశారు, అది మంచి నిర్ణయం. కానీ కొన్ని మిషన్లలో తలుపు తెరుచుకోవాలంటే అక్కడున్న అందరినీ పడగొట్టాలి, అది పరుగుకు బ్రేకే. అలాంటిచోట నిలబడి గుద్దకండి. పరుగెత్తుతూ ఉంటే ఫోకస్ షీల్డ్ నిండుతుంది, అది ఉన్నంతసేపూ తూటాలు తగలవు. గోడమీంచో, రైలింగ్ మీంచో వచ్చి తన్నిన తన్ను నేలమీది గుద్దుకన్నా గట్టిగా తగులుతుంది. ఒక శత్రువును ఇంకొకడి మీదికి తోయడం కూడా బాగా పనిచేస్తుంది.

రన్నర్ విజన్ సెట్టింగ్‌లో మూడు స్థాయిలున్నాయి. పూర్తిగా పెడితే ముందు పరుగెత్తే ఎర్రటి గీత ప్రతి అడుగూ చెబుతుంది. మధ్యది మొదటి గేమ్‌లా వస్తువులను మాత్రమే ఎర్రబరుస్తుంది. మధ్యదానితో మొదలుపెట్టండి. గీత వెంబడి పరుగెత్తితే పది గంటలాడినా నగరం మీకు గుర్తుండదు.

ఆన్‌లైన్ భాగం 2023 డిసెంబరులో మూతపడింది. ఇతర ఆటగాళ్లు కట్టిన టైమ్ ట్రయల్స్ ఈ గేమ్‌కు పెద్ద ఆకర్షణగా ఉండేవి, అవి ఇక లేవు. డైస్ తయారుచేసిన, డ్యాష్ అనే గడియారం పరుగులు మిగిలాయి. ఎక్కువకాలం ఆడాలన్న ఆలోచనతో క్యాటలిస్ట్‌ను ఎంచుకునేవాళ్లు ఈ నష్టాన్ని లెక్కలో పెట్టుకోవాలి. ఆ భాగం గురించి రాసిన 2016 నాటి పొగడ్తలు ఇప్పటికి వర్తించవు.

## టైటన్‌ఫాల్ 2: నేల తాకకూడదు

రెస్పాన్ స్టూడియో దీన్ని సోర్స్ ఇంజిన్‌ను మార్చుకుని చేసింది. ఆ ఇంజిన్ వారసత్వమే దీని కదలికలకు ఆ జారుడు స్వభావం తెచ్చింది. ఇక్కడ నేలమీద పరుగే అన్నిటికన్నా నెమ్మది. గోడమీద పరుగెత్తితే వేగం పెరుగుతుంది, ఒక గోడమీంచి ఎదురు గోడకు దూకుతూ పోతే ఇంకా పెరుగుతుంది, నేలమీద దిగి నాలుగడుగులు వేస్తే అంతా కరిగిపోతుంది.

నేర్చుకోవాల్సింది స్లైడ్ హాప్. గాల్లోంచి దిగేటప్పుడు క్రౌచ్ (వంగి కూర్చునే బటన్) పట్టుకోండి, జారడం మొదలవగానే దూకండి, మళ్లీ దిగేటప్పుడు క్రౌచ్. నేలతో స్పర్శ ఎంత తక్కువుంటే వేగం అంత నిలుస్తుంది. వెంటవెంటనే కొడితే ప్రతి స్లైడ్‌కూ అదనపు తోపు రాదు, అందుకే మధ్యలో గోడో, రెండో దూకుడో కలపాలి. సెట్టింగ్స్‌లో క్రౌచ్‌ను నొక్కి పట్టుకునే రకానికి మార్చండి, ఒకసారి నొక్కితే కూర్చునే రకంలో లయ కుదరదు. ఆటోమేటిక్ స్ప్రింట్ పెట్టుకుంటే ఒక వేలికి పని తగ్గుతుంది. కథ మొదట్లో వచ్చే గాంట్లెట్ అనే శిక్షణ పరుగును ఒక్కసారి చేసి వదిలేయకండి. మీ సమయాన్ని బట్టి ఏ కష్టస్థాయి తగునో అదే సూచిస్తుంది, దాన్నే పదిసార్లు పరుగెత్తితే ఈ గేమ్ చేతికి పట్టుబడుతుంది.

కథ చిన్నది, బిగువైనది. ఇళ్లనే తయారుచేసే కర్మాగారంలో కదిలే గోడల మీద పరుగెత్తే మిషన్, రెండు కాలాల మధ్య ఒక్క బటన్‌తో మారుతూ గోడమీంచి గోడకు దూకే మిషన్, ఈ రెండూ పార్కూర్ రూపకల్పనకు పాఠాల్లాంటివి. రెండో దానిలో ఒక కాలంలో ఉన్న గోడ ఇంకో కాలంలో ఉండదు. గాల్లో ఉండగా కాలం మార్చడమే అక్కడి లయ, నేలమీద నిలబడి మార్చాలని చూస్తే దారి కనబడదు.

లోటు ఒకటే. ఇది కాల్పుల గేమ్. కాల్చకుండా ఇది ఆడలేరు, పైగా కొంత భాగం పెద్ద యంత్రంలో కూర్చుని నెమ్మదిగా నడవాల్సి ఉంటుంది. పరుగు మాత్రమే కావాలంటే ఆ ఘట్టాలు ఓపికతో దాటాలి.

## డయింగ్ లైట్: పరుగుకు కారణం ఉన్న గేమ్

హర్రాన్ అనే నగరం, వీధుల నిండా జాంబీలు, చీకటి పడితే వాటికన్నా వేగంగా పరుగెత్తే వొలటైల్స్. మిగతా మూడింట్లో పరుగు అందంకోసం, ఇక్కడ ప్రాణంకోసం. ఎక్కాల్సిన అంచు వైపు చూస్తూ దూకుడు బటన్ పట్టుకుంటే మీరు నడిపే పాత్ర క్రేన్ దాన్ని పట్టుకుంటాడు. లయ పట్టుకోవడం కన్నా దారి ముందే చూసుకోవడం మీదే ఇక్కడ నైపుణ్యమంతా.

మొదటి కొన్ని గంటలు బరువుగా సాగుతాయి. క్రేన్ త్వరగా అలసిపోతాడు, కదలికలు తక్కువ. అక్కడే చాలామంది వదిలేస్తారు. అజిలిటీ పాయింట్లు ఎక్కడం, పరుగెత్తడంతోనే పెరుగుతాయి కాబట్టి కొట్లాటలు మానేసి పైకప్పుల మీదుగానే తిరగండి. రాత్రి అజిలిటీ పాయింట్లు రెట్టింపు వస్తాయి. ధైర్యం ఉంటే రాత్రి సురక్షిత గృహం దగ్గర్లో తిరగడం అన్నిటికన్నా త్వరైన దారి. జాంబీల భుజాల మీంచి దూకే నైపుణ్యాన్ని ముందుగా తీసుకోండి, ఇరుకు వీధిలో ఊపు నిలిపేది అదే.

సర్వైవర్ నైపుణ్యాల 12వ స్థాయిలో గ్రాప్లింగ్ హుక్ (తాడుతో విసిరి లాక్కునే కొక్కెం) వస్తుంది. అది వచ్చాక గేమ్ స్వభావమే మారిపోతుంది, సగం ఎక్కడాలు ఒక్క బటన్ పని అవుతాయి. పార్కూర్ కోసం ఆడుతుంటే హుక్‌ను తప్పనిసరి చోట్లకే పరిమితం చేసుకోవడం మంచిది. ఓల్డ్ టౌన్ చేరాక మేడలు ఎత్తుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ గేమ్‌లోని మంచి పరుగంతా అక్కడే. 2016లో వచ్చిన ది ఫాలోయింగ్ విస్తరణలో పొలాలు, బగ్గీ బండి ప్రధానం. బాగుంటుంది, కానీ పరుగుకోసం వెతికేవాళ్లకు కాదు.

నలుగురు కలిసి కథలో చాలాభాగం ఆడగలిగేది ఈ జాబితాలో ఇదొక్కటే. స్నేహితులతో కలిసి మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే మిగతా పోలికలన్నీ పక్కన పెట్టవచ్చు.

## కీబోర్డా, కంట్రోలరా

మిర్రర్స్ ఎడ్జ్‌కు కంట్రోలర్ బాగా కుదురుతుంది. పైకి, కిందికి, వెనక్కి మూడూ భుజాల బటన్ల మీదే ఉంటాయి, బొటనవేళ్లు స్టిక్‌ల మీంచి కదలనక్కర్లేదు. మౌస్‌తో గోడమీంచి మలుపులు సూక్ష్మంగా తిప్పవచ్చు, టైమ్ ట్రయల్స్‌లో అది కలిసొస్తుంది. టైటన్‌ఫాల్ 2కు మౌస్ స్పష్టంగా మెరుగు, గాల్లో తిరగడమూ గురిచూడటమూ ఒకేసారి జరగాలి కాబట్టి. కంట్రోలర్ తప్పదంటే దూకుడును భుజం బటన్‌కు మార్చే అమరిక ఎంచుకోండి. క్యాటలిస్ట్, డయింగ్ లైట్ దేనితోనైనా సరే.

## తల తిరిగేవాళ్లకు

మిర్రర్స్ ఎడ్జ్‌లో తెర మధ్య కనిపించే చిన్న తెల్ల చుక్క అలంకారం కాదు. చూపు నిలపడానికి ఒక స్థిర బిందువు ఉంటే వికారం తగ్గుతుందని పెట్టింది. దాన్ని ఆపేయకండి. దొర్లేటప్పుడు తెరంతా తిరుగుతుంది, ఆ క్షణంలో చుక్కమీదే కళ్లు పెట్టండి. ఈ గేమ్ మెనూలో దృశ్య వెడల్పు (తెరమీద ఒకేసారి ఎంత మేర కనిపిస్తుందన్నది, ఎఫ్ఓవీ) మార్చే వీలు లేదు, అదే దీని పెద్ద లోటు. తెరకు కొంచెం దూరంగా కూర్చోవడం, గదిలో వెలుతురు ఉంచడం, అరగంటకోసారి ఆగడం సాయపడతాయి. టైటన్‌ఫాల్ 2లో దృశ్య వెడల్పును 110 దాకా పెంచవచ్చు, తల కూడా అంతగా ఊగదు. నాలుగింట్లో దీనితోనే ఇబ్బంది తక్కువ. క్యాటలిస్ట్, డయింగ్ లైట్ పీసీ కాపీల్లోనూ ఆ సెట్టింగ్ ఉంది, మొదలుపెట్టిన వెంటనే ఒక మెట్టు పెంచండి. పెంచితే వేగం ఎక్కువగా కనిపిస్తుంది, దూరాలు అంచనా వేయడం మాత్రం మొదట్లో తప్పుతుంది.

## ఎవరికి ఏది

ఒకే దారిని పదేపదే పరుగెత్తి సెకన్లు తగ్గించుకోవడంలో ఆనందం దొరికేవాళ్లకు, 2008లో ఆడి ఆ అనుభూతే మళ్లీ కావాలనుకునేవాళ్లకు మిర్రర్స్ ఎడ్జ్. క్యాటలిస్ట్ కొత్తది కదా అని దాన్ని ముందు ఆడి ఇక్కడికి వస్తే మొదటి గేమ్ మొండిగా అనిపిస్తుంది, అందుకే రెండూ ఆడాలనుకుంటే విడుదలైన వరుసలోనే ఆడండి.

పోటీ వద్దు, గడియారం వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక నగరంలో తిరుగుతూ పోవాలి అనుకుంటే క్యాటలిస్ట్. ఆన్‌లైన్ లేకపోవడం ఇలాంటివాళ్లకు అడ్డే కాదు.

ఒక్క వారాంతమే ఖాళీ ఉండి, కథ కూడా గట్టిగా ఉండాలంటే టైటన్‌ఫాల్ 2. ఇదివరకే ఆడేసినవాళ్లు కథను మాస్టర్ స్థాయిలో మొదలుపెట్టండి. తూటాలు అంత గట్టిగా తగిలితే గోడ దిగాలన్న ఆలోచనే రాదు.

నెలల తరబడి సాయంత్రాలు గడపడానికి, ముఖ్యంగా స్నేహితులతో కలిసి ఆడటానికి డయింగ్ లైట్. ఒంటరిగా, పరుగు ఒక్కదానికోసమే అయితే దీన్ని అన్నిటికన్నా చివర్లో చూసుకోండి.

ఇంతా చదివి ఇంకా తేల్చుకోలేకపోతే మిర్రర్స్ ఎడ్జ్ వేసి, ఫిజ్ఎక్స్ ఆపి, పరిచయ ఘట్టం, మొదటి రెండు అధ్యాయాలు ఆడండి. రెండో అధ్యాయంలో ఆ కాలువల హాలు పైకి చేరాక, ఏ దూకుడు బాగా కుదిరిందో ఏది తప్పిందో మీకు విడివిడిగా గుర్తుంటే ఆ గేమ్ మీదే. పైకి ఎలా వచ్చారో గుర్తులేకుండా కేవలం అలసట మిగిలితే దాన్ని అక్కడే ఆపేసి, టైటన్‌ఫాల్ 2 గాంట్లెట్ తెరవండి.